తొలిగుండుకి గుడ్డ

మే 11, ఆదివారం

ఈ నోటుబుక్కు ఎం.ఎస్సీ. ప్రాక్టికల్స్ కోసం కొన్నది. ముందు పన్నెండు పేజీల్లో లోలకాలు, కటకాలు. పదమూడో పేజీ నుంచి నేను.

ఈ రోజు అమ్మవారి గుడి పక్క రేకుల షెడ్డులో ఊరి పెద్దలు కూర్చున్నారు. జూన్ పదిన పండగ. చంద్రమౌళి చిన్నాన్న లేచి, అందరికీ తెలిసిన కట్టడినే ఎవరికీ తెలియనట్టు ఒప్పజెప్పాడు. మా నాన్న జగన్నాధం ఇంటి మందు తుపాకిలోంచి తొలిగుండు పేలాలి. గుట్ట వాలున వాసానికి కట్టిన కుండ పగలాలి. అప్పుడే ఊళ్లో విత్తనం చల్లాలి. గుండుకి చుట్టే గుడ్డ, ఆ ఇంటి నుంచి కిందటేడు అమ్మవారికి పెట్టిన చీరలోంచే కొయ్యాలి.

"రెండేళ్లయి కుండ పగల్లేదు. ఊరు ఊరంతా ఆగుతాదేటి? మూడోసారి తప్పితే తుపాకి మా ఇంటికి రావాల. ఇల్లాలు లేని ఇంటి గుండుని అమ్మోరు ఒప్పదు, అదీ సంగతి."

నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఇంటికొచ్చే దారిలో, "నా సెయ్యికేటయింది?" అన్నాడు. నన్నడిగాడా, చేతినడిగాడా తెలియలేదు.

నేను ఈ ఊళ్లో ఉన్నది నాన్న కోసమే. ఇది రాసిపెట్టుకోవాలి.

మే 13, మంగళవారం

ఎం.ఎస్సీ. స్నేహితురాలు శ్రావణికి మెసేజ్ పెట్టి ఇరవై రోజులు. రెండు నీలం గీతలు వచ్చాయి. జవాబు లేదు. విశాఖలో మాతో చదివిన వాళ్లందరికీ ఏదో ఒక పని దొరికింది. నాకూ దొరికింది, శృంగవరపుకోటలో ఒక కాలేజీలో లెక్చరర్‌గా. రెండు నెలలు వెళ్లి మానేశాను. నాన్నకి వంట ఎవరు చేస్తారు?

మే 16, శుక్రవారం

నాన్న సాధన మొదలుపెట్టాడు. లైసెన్సు మీద వచ్చే మందు కొంచెమే కాబట్టి సాధనకి ఐదు గుళ్లు, పండగకి ఒకటి. పొద్దున్న ఏడింటికి గుట్ట వాలుకి వెళ్లాం. పాత పంచె చింపి గుండుకి చుట్టి, ఊచతో కూరి కాల్చాడు. అరవై అడుగుల దూరాన కుండ పెంకులైంది.

చూస్తున్న చిన్నాన్న నవ్వాడు. "పంచెతో పగుల్తాది అన్నయ్యా. అమ్మోరి సీరతోనే పగల్దు. మరి కోపం ఎవులి మీదో నువ్వే సెప్పు."

నాన్న ముఖం చూడలేకపోయాను. వంగి పెంకులు ఏరినట్టు నటించాను. తుపాకికి పది అడుగుల అవతల గడ్డిలో ఆ పంచె పేలిక పడి ఉంది. నడిమిన నల్లటి గుండ్రం, అంచులు కాస్త పీచుపీచుగా. గుండుతో పాటు గొట్టంలోంచి వచ్చి గాలిలో విడిపోయిన గుడ్డ. జేబులో వేసుకున్నాను.

మే 17, శనివారం

సాధనలో తగులుతుంది, పండగ రోజు తప్పుతుంది. చెయ్యి అదే, తుపాకి అదే, మందు అదే. మారేది గుడ్డ ఒక్కటే. ఇది ఇంటరు పిల్లకి కూడా తట్టాలి. ఈ ఊళ్లో ఎవరికీ తట్టలేదు. ఎందుకంటే గుడ్డ అమ్మవారిది, అమ్మవారిదాన్ని ఎవరూ అనుమానించరు.

నాకూ రెండేళ్లుగా తట్టలేదు.

మే 19, సోమవారం

తవిటమ్మ దగ్గరికి వెళ్లాను. గుడి తాళం, అమ్మవారి చీరల పెట్టె తాళం ఆవిడ కొంగునే ఉంటాయి. నాకు నాయనమ్మ వరస కాదు కానీ మామ్మా అనే పిలుస్తాను.

కిందటేడు నాన్న విజయనగరంలో కొనితెచ్చిన చీర తీసి చూపించింది. చిలకపచ్చ రంగు, జరీ అంచు, పట్టుకుంటే జారిపోతోంది.

"కన్నులకి ఇంపే," అంది. "ఏటి లాభం? పొయ్యి కాడ కట్టుకుంటే వొంటికి అతుక్కుపోతాది. ఏడాదయ్యాక ఈ సీరలన్నీ నాకే కదా. మీ నాన్న పెట్టినవి రెండూ అలగే మడతల్లో ఉన్నాయి."

"మా అమ్మ పెట్టినవో?"

"అవి కట్టుకున్నాను. కట్టుకున్నాను, పీలికలయ్యేదాకా కట్టుకున్నాను. ఇదిగో, ఈ ఒంటి మీదిదే ఆకర్ది."

కొంగు చేతికిచ్చింది. బూడిద రంగు గళ్ల నేత. అదే చీర అమ్మ అమ్మవారికి పెట్టిన రోజు ఊళ్లో ఆడవాళ్లందరూ మూతులు తిప్పుకున్నారు. దేవతకి ముతక కోక పెట్టే పిసినారిది అన్నారు. నేను కూడా సిగ్గుపడ్డాను. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను, నా వెనక ఎవరు నవ్వుతున్నారో లెక్కపెట్టుకునే వయసు.

పచ్చ చీరలోంచి జానెడు ముక్క అడిగి తెచ్చుకున్నాను.

మే 20, మంగళవారం

ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించాను. మండలేదు. ముడుచుకుని, కరిగి, నల్లపూసలా గట్టిపడింది.

మే 22, గురువారం

నాన్నని ఎలా ఒప్పించానో నాకే తెలియదు. రెండో సాధన గుండుకి పచ్చ ముక్క చుట్టమన్నాను.

"అమ్మోరి సీరతో సాదన సేస్తారేటి? తప్పు."

"ముక్కే కదా నాన్నా. దేవుడి గదిలో దొరికింది, అమ్మవారిదని ఎవరన్నారు?"

అబద్ధం చెప్పాను. కాల్చాడు. గుండు కుండకి రెండు చేతుల ఎడంగా గుట్టలో దిగింది. నాన్న తుపాకి దించి కుడి చేతి వైపు చాలాసేపు చూసుకున్నాడు. వేళ్లు ముడిచి తెరిచాడు.

గడ్డిలో వెతికితే గుడ్డ దొరకలేదు. దొరికింది ఒక ముద్ద. గొట్టంలో నూనెగుడ్డ దూర్చి తుడిస్తే పచ్చటి జిడ్డు వచ్చింది. గుండుని పట్టి ఉంచాల్సిన గుడ్డ లోపలే కరిగిపోతే గుండు తనకి తోచిన దారిన పోతుంది, అంతే.

సాయంత్రం నాన్న ఇటుకని చాపిన చేతిలో పట్టుకుని నూరు లెక్కపెట్టుకుంటున్నాడు. చెప్పాలనుకున్నాను. గుడ్డ పూర్తిగా తేల్చాక చెబుదామని ఊరుకున్నాను.

మే 25, ఆదివారం

శృంగవరపుకోట వెళ్లాను. బజారులో ఉమాశంకర్ గారి గుడ్డల కొట్టు. బల్ల మీద తానులన్నీ దింపించాను. మల్లు, పాప్లిన్, లుంగీ గుడ్డ, పరుపు గుడ్డ. కాలేజీ నుంచి తిరిగివ్వని స్క్రూగేజి నా సంచిలో ఉంది. ఒక్కో గుడ్డ మందం కొలిచి రాసుకుంటుంటే ఆయన కళ్లద్దాలు పైకి తోసి చూశాడు.

"దేనికమ్మా ఇది? రవికలకా, లంగాలకా?"

"గుండుకి."

"గుండుకా? తిరపతెల్తన్నారేటి ఎవరైనా?"

తుపాకి గుండుకని చెప్పాను. ముందు నవ్వాడు. తర్వాత నవ్వడం మానేసి పరుపు గుడ్డ తాను నా వైపు జరిపాడు.

"నీది ఏ ఊరు? జగన్నాధం గారమ్మాయివా? అయితే ఇదే గుడ్డ. కాదంటే ఈ మందంలోనే గళ్ల నేత సీర ఉన్నాది. మీయమ్మగారు ఏటా వొచ్చి అదే అడిగీవోరు. పది సీరలు తెరిపించి, ఊది సూసి, తడిపి సూసి, నా పేనం తీసీవోరు. ఒకేడు అడిగేసాను, ఏటమ్మా ఇంత సూస్తారు, పెళ్లికా అని. 'పెళ్లికైతే ఇంత సూడక్కర్లేదు' అన్నారు."

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దారంతా ఏమీ చూడలేదు.

మే 25, మళ్లీ

అమ్మ వెళ్లింది 2021 డిసెంబరులో. ఆ తర్వాత వచ్చిన పండగకి కుండ పగిలింది. ఇల్లాలు లేకపోయినా పగిలింది. ఎందుకంటే ఆ ఏడు కోసిన గుడ్డ, వెళ్లకముందు ఆమె పెట్టిన చీరది. తప్పడం మొదలైంది ఆ మరుసటేడు నుంచి, నాన్న కొన్న చీరల నుంచి.

ఇరవై ఏళ్లు వరసగా తగిలిన గుండు. మూడు మండలాల్లో జగన్నాధం గురి అని పేరు.

మే 27, మంగళవారం

అమ్మకి ఫోన్ చెయ్యను.

మే 28, బుధవారం

పరుపు గుడ్డతో మూడో గుండు. కుండకి తగిలింది కానీ పక్కన. పేలిక అంచుల్లో అక్కడక్కడా కోసుకుపోయింది. మందం సరిపోయింది, ఇంకేదో సరిపోలేదు. నా స్క్రూగేజికి అందనిది.

నాన్న రెండు గుళ్లు దాచుకున్నాడు.

మే 30, శుక్రవారం

ఫోన్ చేశాను. కిందటి జూలై తర్వాత ఇదే. అప్పుడు నేను అనాల్సినవన్నీ అనేశాను. ఏం తక్కువైందని వెళ్లావు, కొట్టాడా, తిట్టాడా, తాగొచ్చాడా. ఏదీ కాదంది. మరి ఎందుకంటే చెప్పలేదు. శ్రీకాకుళంలో రాజకుమారి పిన్ని నడిపే ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తోంది. వెనక గిన్నెల చప్పుడు.

"అమ్మా, గుడ్డ ఎలా ఎంచేదానివి?"

గిన్నెల చప్పుడు దూరమైంది. బయటికొచ్చినట్టుంది.

"ఆయన అడగమన్నాడేటి?"

"లేదు."

"అనుకున్నాను. రాసుకుంటావా? గుడ్డ నోటికి ఆనించి ఊదు. ఊపిరి కష్టం మీద అవతలకి పోవాల. బొటనేలు తడిపి ఒత్తు, తడి బేగి దిగిపోకూడదు. పోగు కాలిస్తే బూడిదవ్వాల."

"అవన్నీ చేశాను. అయినా అంచులు కోసుకుపోతున్నాయి."

"ఉతికేవా?"

"కొత్త గుడ్డ ఉతకడమేంటి?"

"అదే మరి. కొత్తదానికి గంజి ఉంటాది. గంజితో గుడ్డ బిరుసు, ఒంగదు, తెగిపోతాది. మరిగిన నీల్లలో మూడుసార్లు ఉతికి, నీడన ఆరబెట్టి, మడత పడ్డాక అప్పుడు అమ్మోరికి పెట్టీదాన్ని. ఉతికిన సీర దేవతకి పెట్టిందని ఎవులైనా కనిపెట్టేస్తారని భయం. కోసినాక ఆవునెయ్యి రాయి. నూనె వొద్దు, మందు తడిసిపోతాది."

"నీకెవరు చెప్పారు ఇవన్నీ?"

"నా పెళ్లయిన ఏడు ఆయన గుండు తప్పింది. రెండ్రోజులు అన్నం తినలేదు. నీను గుట్ట కాడికెల్లి గడ్డిలో పేలికలు ఏరుకొచ్చి సూసాను."

"నాన్నకి ఎందుకు చెప్పలేదు?"

"సెప్పకేటి. రెండుసార్లు సెప్పాను. ఒకసారి నవ్వాడు. ఇంకోసారి పది మందిలో సెప్పి నవ్వించాడు. మరి సెప్పలేదు. గుడ్డ మటుకు ఎంచీదాన్ని." తర్వాత, "తింటన్నాడా?" అంది.

"తింటున్నాడు."

"నువ్వో?"

జవాబు చెప్పేలోగా అన్నం మాడుతోందని ఎవరో పిలిచారు.

జూన్ 1, ఆదివారం

ఎండ. మాట్లాడడానికి ఎవరూ లేరు. ఉన్నా ఏం మాట్లాడతాను, గుడ్డ గురించా.

జూన్ 3, మంగళవారం

తవిటమ్మ బూడిద గళ్ల చీర లోపలి కొస విప్పి చూపించింది. నడుములో దోపుకునే భాగం చిరిగిపోయింది కానీ ఆ చివర మూరెడు మాత్రం గట్టిగా ఉంది. ఊదాను. ఊపిరి కష్టం మీద పోయింది. మూడేళ్లుగా వారం వారం ఉతికిన గుడ్డ, గంజి అన్న మాటే లేదు.

"మామ్మా, కట్టుకున్న చీర పనికొస్తుందా? చిన్నాన్న గొడవ చెయ్యడా?"

"మీ ఇంటి నుండి అమ్మోరికి పెట్టినదా కాదా? అమ్మోరు నాకు ఇచ్చిందా లేదా? కిందటేటిదే కావాలని ఎవులైనా రాసిచ్చారేటి? గుడ్డ కోసీది నీను. మౌళిబాబుకి నీను సెప్తాను, నువ్వు నోరు మూసుకో గుంటా."

"నాన్నకి?"

"మీ నాన్న ఏనాడైనా గుడ్డ వైపు సూసాడేటి. సెయ్యి సాస్తాడు, మనం పెడతాం."

జూన్ 5, గురువారం

శృంగవరపుకోట వెళ్లి గళ్ల నేత చీర కొన్నాను, ముదురు నేరేడు రంగు. పండగ రోజు గుండు పేలాక, వచ్చే ఏటి గుడ్డ కోసం కొత్త చీర పెట్టాలి కదా. ఇంటికొచ్చి మూడుసార్లు మరిగించి ఉతికాను. నాన్న గుమ్మంలోంచి చూసి, "కొత్త సీరని ఏటలగ పిసుకుతన్నావు, రంగు పోదా?" అన్నాడు. పోదన్నాను.

అమ్మలాగే చెయ్యొచ్చు. చెప్పకుండా ఎంచి, చెప్పకుండా ఉతికి, చెప్పకుండా పెట్టి. నాన్న గురి నిలబడుతుంది. నేనిక్కడ ఉన్నన్నాళ్లూ.

ఎన్నాళ్లు?

జూన్ 7, శనివారం

నాన్న విజయనగరం వెళ్లి అమ్మవారికి చీర తెచ్చాడు. గులాబీ రంగు, మెరుపులు. నా ముందు విప్పి పరిచి, పిల్లాడిలా నా ముఖం చూశాడు.

"బాగుందా అమ్మీ? కొట్టువోడు సెప్పాడు, ఇదే కొత్త రకమంట."

బాగుందన్నాను. నిజంగా బాగుంది. నాన్న చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది.

జూన్ 9, సోమవారం

మిగిలిన రెండు గుళ్లూ కాల్చలేదు. "రేపటికే ఉంచుతాను, సెయ్యికి ధైర్యం ఉండాల" అన్నాడు. అన్నం సగం వదిలేశాడు.

జూన్ 10, మంగళవారం

కుండ పగిలింది.

జరిగింది జరిగినట్టు రాయాలి. గుట్ట దగ్గర ఊరంతా ఉంది. తవిటమ్మ గుడ్డ కోసి, నెయ్యి రాసి, ఆకులో పెట్టి తెచ్చింది. చిన్నాన్న మెడ సాచి చూసి, "పచ్చ సీర కాదేటి?" అన్నాడు. "అమ్మోరి సీర. నువ్వు కోస్తావేటి? రా, కొయ్యి," అని కత్తెర చాపింది. వెనక్కి తగ్గాడు. నాన్న వినలేదు. చెయ్యి చాచాడు. అందులో పెట్టింది.

మందు, గుడ్డ, గుండు, ఊచ. ఊచ దిగుతున్నప్పుడు చప్పుడు వేరుగా ఉంది, మెత్తగా, ఎక్కడా పట్టకుండా. నాన్న కనుబొమ్మ ఒకసారి కదిలింది. తర్వాత పొగ. కుండ ఉన్న చోట ఏమీ లేదు. నడిమినే తగిలింది.

డప్పులు. నాన్నని భుజాల మీదికి ఎత్తారు. చిన్నాన్న కూడా ఒక కాలు పట్టుకున్నాడు. నేను గడ్డిలోకి వెళ్లి పేలిక వెతుక్కున్నాను. ఎక్కడా చిరుగు లేదు, కోత లేదు.

దించాక నాన్న దగ్గరికి వెళ్లాను. చుట్టూ పది మంది ఉన్నారు. పేలిక అరచేతిలో పెట్టి చూపించాను.

"నాన్నా, ఇది అమ్మ పెట్టిన చీరది. రెండేళ్లూ తప్పింది గుడ్డ వల్ల. నీ చేతి తప్పు కాదు."

మెల్లగా చెప్పాను. ఆ ఆఖరి మాట ఆయనకి సంతోషం కలిగిస్తుందనుకున్నాను.

నా చేతిలోకి చూశాడు. ఒక్క క్షణం నిజంగానే చూశాడు. తర్వాత అందరి వైపు తిరిగి నవ్వాడు.

"సదువుకున్న పిల్ల కదా, గుడ్డలో కూడా సదువే కనిపిస్తాది. గుడ్డదేటున్నాది అమ్మీ, గుడ్డ గుడ్డే. సెయ్యి తిరిగొచ్చింది."

అందరూ నవ్వారు. వెక్కిరింపు కాదు, ముద్దుగానే నవ్వారు. ఎవరో నా తల నిమిరారు.

అమ్మని కొట్టలేదు, తిట్టలేదు, తాగి రాలేదు.

తర్వాత చీర పెట్టాలి. సంచిలో రెండూ ఉన్నాయి. ఉతికిన నేరేడు రంగుది పైన, నాన్న తెచ్చిన గులాబీ రంగుది అడుగున. అడుగున చెయ్యి పెట్టి తీశాను. ఆడవాళ్లందరూ బాగుంది, బాగుంది అన్నారు. తవిటమ్మ అందుకుని బొటనవేలితో ఒకసారి రాసి చూసి, నా ముఖంలోకి చూసి, పెట్టెలో పెట్టింది.

జూన్ 11, బుధవారం

పొద్దుటి నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు. నాన్న ఆ గుండు సంగతి నాలుగుసార్లు చెప్పాడు. నాలుగోసారికి అరవై అడుగులు ఎనభై అయ్యాయి. అందరికీ టీలు ఇచ్చాను. జనం పలచబడ్డాక, శ్రీకాకుళం వెళ్తున్నానని చెప్పాను.

"మీయమ్మ కాడికా?"

"అవును. అక్కడ ఏదైనా కాలేజీలో పని చూసుకుంటాను."

ఖాళీ టీ గ్లాసు నేల మీద అటూ ఇటూ తిప్పాడు. "వంటకి మౌళి ఇంటి నుండి తెప్పించుకుంటాన్లే," అన్నాడు. గ్లాసు పక్కన పెట్టి, "పండక్కి రావాల. సీర నువ్వే పెట్టాల," అన్నాడు.

ఆ గొంతు విని దాదాపు ఉండిపోయాను. ఇంకొక్క మాట అంటాడేమోనని బ్యాగు జిప్పు రెండుసార్లు తీసి వేశాను. అనలేదు.

బస్సుకి వెళ్తూ గుడి దగ్గర ఆగాను. తవిటమ్మ గచ్చు కడుగుతోంది. నేరేడు రంగు చీర ఆవిడకిచ్చాను.

"కట్టుకోడానికేటి?"

"కాదు. పెట్టె అడుగున ఉంచు. వచ్చే పండగ లోపల నాన్న నీ దగ్గరికొచ్చి, ఆ గుడ్డేటి, ఎక్కడిది అని అడిగితే దీన్ని కొయ్యి. ఆయన తరఫున అమ్మవారికి పెట్టినట్టే లెక్క."

"అడక్కపోతే?"

"ఆయన తెచ్చిందే కొయ్యి."

తడి చేతులు కొంగుకి తుడుచుకుని చీర అందుకుంది. మడత విప్పకుండానే గుడ్డ నోటికి ఆనించి ఊదింది. "మీయమ్మ కన్నా మొండిదానివి," అంది. తర్వాత పెట్టె తెరవడానికి లోపలికి వెళ్లింది. మూత పడిన చప్పుడు వినేదాకా నేను గచ్చు మీదే నిలబడ్డాను.

ఈ బస్సు శ్రీకాకుళం చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుంది. వస్తున్నానని అమ్మకి ఇంకా చెప్పలేదు.